డంకెల్ మీద నలభై రెండు వేలిముద్రలు

ఆ చలికాలం ఆర్మూర్‌లో ఎక్కడ చూసినా డంకెల్ మాటే. దేశాలన్నీ ఏ పద్ధతిలో వ్యాపారం చేసుకోవాలో, విత్తనాల మీద ఎవరికెంత హక్కో గాట్ అనే ఒప్పందం కోసం ఎక్కడో జెనీవాలో డంకెల్ అనే దొర ఒక లావుపాటి ముసాయిదా రాసిపెట్టాడు. దానికి మన దేశం కూడా ఒప్పుకుంటుందని పేపర్లు రోజూ రాసేవి.

బస్టాండు హోటల్లో ఆ పేపరు చదివి వినిపించే పని నాది. బళ్ళో తెలుగు చెప్పే పంతులును. నోరు పెద్దది, ఎదురుగా నలుగురు కూర్చుంటే ఊరుకోదు. "గాట్ అంటే గట్టే. గట్టు కాడ మీరు కొట్లాడుకుంటే పంచాయితి, దేశాలు కొట్లాడుకుంటే గాట్" అనేవాణ్ణి. డంకెల్ వస్తే మన డొంకలు కూడా మిగలవన్నాను. పేటెంట్ అంటే మన పేటలో వాడు టెంట్ వేసుకోవడమన్నాను. చాయ గ్లాసులు పట్టుకుని అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు.

వేల్పూర్ రోడ్డు మీద మా వాడలో నలభై రెండు రైతు ఇళ్ళు. అక్కడ విత్తనపు పసుపును ఎవరూ అమ్మరు, కొనరు. ఒకరి విత్తనం పాడైతే పక్కవాడు గట్టు మీద నిలబడి సంచులు అందిస్తాడు. మరుసటి పంటకు అవే సంచులు అటు తిరిగి వెళతాయి. కాగితం అనే మాటే ఉండదు. రాసుకుందాం అన్నవాడు ఎదుటివాడి నిజాయితీని శంకించినట్టు. అట్లాగే, ఆపదలో విత్తనం ఇచ్చినవాడు ఏదైనా పని చెబితే, ఎందుకని అడగడం కూడా మర్యాద కాదు.

ఈ మర్యాదను ప్రాణంగా పట్టుకున్నవాడు ముత్తెన్న. తొంభైలో దుంపకుళ్ళు వచ్చి అతని చేను మొత్తం పోయింది. పక్క చేను లక్ష్మీరాజం పదిహేను సంచుల విత్తనం ఇచ్చి నిలబెట్టాడు. లక్ష్మీరాజం రైతు సంఘం నాయకుడు, మైకు దొరికితే నన్ను మించినవాడు. ముత్తెన్న మరుసటేడే సంచులన్నీ తిరిగి ఇచ్చేశాడు. ఆ విత్తనాన్ని ఏటేటా ఏరి ఏరి పెంచి వాడలోకెల్లా మంచిదిగా చేశాడు. కొమ్ము విరిస్తే లోపల నారింజ రంగు. జూన్‌లో అందరూ మొదట అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎవరింటి ముందు నిలబడ్డా పీట వేసేవాళ్ళు. అతనికున్న ఆస్తి అదే.

తొంభై మూడు డిసెంబరులో లక్ష్మీరాజం ఢిల్లీ ధర్నాకు వెళ్ళి వచ్చాడు. డంకెల్‌ను ఆపాలంటే ప్రతి రైతు వేలిముద్రా ఢిల్లీకి చేరాలన్నాడు. ఒక కట్ట తెల్ల కాగితాలు ముత్తెన్న చేతిలో పెట్టాడు. కింద పేరు, వేలిముద్ర ఉంటే చాలు, పైన రాయాల్సిన విషయం హైదరాబాదులో టైపు చేయిస్తారట.

ముత్తెన్న ఎందుకని అడగలేదు. నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాడు, సిరా డబ్బా పట్టుకుని నేను వెంట ఉన్నాను. ముసలి గంగాదాస్ ఒక్కడే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మీద ఏమీ లేదేమని అడిగాడు. నేను ఊరుకుంటే బాగుండేది. "తెల్లోనికి పోయే కాయితం గద పెద్దయ్యా, తెల్లగనే ఉంటది" అన్నాను. గంగాదాస్ నవ్వాడు. నవ్వుతూనే వేలు ఒత్తాడు.

ఏప్రిల్‌లో మరాకేష్ అనే ఊళ్ళో నూట ఇరవై పైచిలుకు దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి, మన దేశంతో సహా. మరాకేష్‌లో సిరా, మనకు మరక అని హోటల్లో అన్నాను. మా వేళ్ళకు అప్పటికే అంటిందని నాకు తెలియదు.

మే నెల చివర్లో వాడలోకి జీపు వచ్చింది. ఎగుమతి కంపెనీ మనిషి, హైదరాబాదు నుంచి. ఎగుమతి ఏమోగాని మా మతులు మాత్రం అక్కడికక్కడే ఎగిరిపోయాయి. అతను తీసిన నలభై రెండు కాగితాల్లో కింద మా వాళ్ళ వేలిముద్రలు, మీద నిండుగా టైపు. చదవమని నాకే ఇచ్చారు.

"సదరు రైతు తన వద్దనున్న స్థానిక విత్తనమును యావత్తు కంపెనీకి స్వాధీనపరచి, కంపెనీ ఇచ్చు విత్తనమునే నాటవలెను. విత్తనమును ఇతరులకు ఇచ్చుట గాని, మార్పిడి చేసుకొనుట గాని చేయరాదు."

డంకెల్ ఏది చేస్తాడని భయపడి వేలు వేశామో అదే మా వేళ్ళ మీద రాసి ఉంది. జాబితాలో మొదటి పేరు ముత్తెన్నది. సోమవారం లారీతో వస్తామని, అతని దగ్గరే మొదలుపెడతామని చెప్పి జీపు మనిషి వెళ్ళిపోయాడు.

ఎవరూ అరవలేదు. గంగాదాస్ మాత్రం నెమ్మదిగా అన్నాడు. "ముత్తెన్నా, మా ఇంటికి నువ్వే తెచ్చినవు గద."

ముత్తెన్న లేచి నేరుగా ఆర్మూర్ బజారుకు నడిచాడు. నేనూ వెంట వెళ్ళాను. లక్ష్మీరాజం కొత్తగా తెరిచిన ఆఫీసులో, అదే కంపెనీ బోర్డు కింద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి చాయ చెప్పాడు.

"అన్నా, గా కాయితాలు డంకెల్ మీద గద" అన్నాడు ముత్తెన్న.

"దేశమే దస్కతు పెట్టినంక ఇంకా డంకెల్ ఏంది తమ్మీ. ఇయ్యాల కాకుంటే రేపు ఎవడో వచ్చి తీస్కపోతడు. మనమే ముందు పడితే నాలుగు పైసలు మనకే ఉంటయి." మన దేశం మాత్రం మనల్ని అడిగే సంతకం పెట్టిందా అని కూడా అన్నాడు.

ముత్తెన్న చాయ ముట్టలేదు. "సరే. మరి ఇంటింటికి నన్నెందుకు తిప్పినవు? నువ్వే పోకపోతివి."

లక్ష్మీరాజం గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేను పోతే చదివినంకనే ఏస్తుండె. నువ్వు పోతే ఊకెనే ఏసిండ్రు."

ముత్తెన్న లేచి వాడ దారి పట్టాడు.

ఆ రెండు రోజుల్లో వాడ తన పని తాను చేసుకుంది. కేసు వేస్తే వేసుకోనీ అని గట్ల మీద సంచులు మారాయి. కొంత విత్తనం ఆలూర్‌లో చుట్టాల ఇళ్ళకు చేరింది. ముత్తెన్న తన విత్తనపు కుప్ప మీద కప్పిన ఆకు తీసి, తట్టలు పక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. అతనే వెళ్ళి గంగాదాస్‌ను పిలిచాడట. ముసలాయన మాకు దొరికింది బిడ్డా అని చెప్పి లోపలికి పోయాడట. పీట వేయలేదు. అతని చేతి నుంచి ఏది తీసుకున్నా దాని వెనక ఒక కాగితం ఉంటుందేమోనని జనానికి భయం పట్టుకుంది.

సోమవారం పొద్దున వేల్పూర్ రోడ్డు మీద పసుపు ఉడికే వాసన వచ్చింది. పసుపు ఉడికించేది మాఘ ఫాల్గుణాల్లో, విత్తే నెలలో ఎవరూ పొయ్యి పెట్టరు. ఉడికిన కొమ్ము ఇక మొలవదు. వెళ్ళి చూస్తే ముత్తెన్న కళ్ళంలో కడాయి ఎక్కి ఉంది. కుప్ప సగం తరిగిపోయింది. మొలకలు తెల్లగా కనబడుతున్న కొమ్ములను తట్టలతో తెచ్చి నీళ్ళలో పోస్తున్నాడు. అతని భార్య గంగమణి పొయ్యిలోకి కట్టెలు తోస్తోంది. ఆమె కళ్ళు పొగకే ఎర్రబడ్డాయని చెప్పలేను.

"ఎంత జెప్పినా ఇనలేదు సారూ" అంది. "కంపెనోనికి ఇయ్యడట. ఊరోళ్ళు తీస్కోరాయె. నాలుగేండ్లు పిల్లల లెక్క సాదిండు."

రోడ్డు మీద ఆరేడుగురు నిలబడ్డారు. గంగాదాస్ కూడా ఉన్నాడు. కళ్ళంలోకి ఎవరూ దిగలేదు. దూరంగా లారీ హారన్ వినిపించింది.

ముత్తెన్న ఖాళీ తట్ట కింద పెట్టి నా వైపు చూశాడు.

"ఏదన్న చెప్పు సారూ, నవ్వుకుందాం."

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. కాసేపు ఎదురుచూసి, అతను కడాయిలోంచి ఒక కొమ్ము తీశాడు. ఉడికిందో లేదోనని దానిలోకి పుల్ల గుచ్చాడు. పుల్ల మెత్తగా దిగిపోయింది.

"ఇంకో తట్ట తే" అన్నాడు గంగమణితో.