సీలు తియ్యని సగం

నాగశ్రీ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించిందో లేదో, మొగుడు ఉమాశంకర్ వెనక నుంచి అన్నాడు: "మీ లాబొరేటరీలో ఇస్తామన్న ఆ ఇన్‌ఛార్జి పోస్టు ఒప్పుకున్నావంటే ఈ ఇంట్లో ఉండక్కర్లేదు. నీ అంతట నువ్వే మానేస్తున్నానని చెప్పెయ్." అత్తగారు మంగాయమ్మ గుడికెళ్లిన వేళ చూసుకునే అన్నాడు. నలుగురిలో దేవుడే. ఎవరూ లేనప్పుడు వినాలి ఆ నోరు.

నాగశ్రీ పని లాబొరేటరీలోని చల్లగదిలో. ఎక్కడో ఒక దేశంలో ఊరి మీద విషవాయువు వదిలారు. ఆ ఊరి మట్టి, ఒక చిన్నపిల్ల గౌను ముక్క, ఎవరిదో జుట్టు సీలు వేసిన గాజుసీసాల్లో విశాఖ దాకా వచ్చాయి. అవి చెడకుండా, చెయ్యి మారకుండా కాపాడడమే ఆమె ఉద్యోగం. కాపాడడమంటే లోకానికి చులకన. పరీక్ష చేసినవాడు సైంటిస్టు. దాచినదానికి మాత్రం, "డబ్బాలు సర్దడానికి జీతం కూడానా" అని ఇంట్లో వెటకారం. సాయంత్రం ఇంటికొస్తే పెరటి కుళాయి కింద తల తడుపుకుంటే గానీ చచ్చినవాళ్ల వస్తువుల మైలని అత్తగారు వంటింట్లోకి రానివ్వదు. కొడుకు ఫ్యాక్టరీ నుంచి మోసుకొచ్చే బొగ్గుమసికి ఏ మైలా లేదు. తుడవడానికి నాగశ్రీ ఉందిగా.

మర్నాడు టీ దగ్గర తోటి ఉద్యోగి ఆశ, భీమిలి పిల్ల, నిలదీసింది. "ఏటక్కా, మానేత్తన్నావంట? మీ ఆయన సార్‌కి ఫోన్ సేసి సెప్పాడంట. నాకొక్క ముక్క సెప్పలేదేటి?"

నాగశ్రీ వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. అతను నవ్వాడు. "నేనెప్పుడన్నానే? అలిసిపోయాను, మానేస్తానని నువ్వే అన్నావు. నీకేవో వినపడుతుంటాయి." ఒక్క క్షణం ఆమెకే అనుమానమొచ్చింది, నిజంగా తనే అందేమోనని.

చల్లగదిలోకెళ్లి నిలబడింది. ఆ గౌను ముక్కని రెండు చేశారు. సగం పరీక్షకి పోయింది. మిగతా సగం సీలు తియ్యకుండా ఏళ్ల తరబడి ఉంచాలి. ఎందుకంటే విషం వదిలినవాడు ఎప్పుడూ ఒకటే అంటాడు: మేం వదల్లేదు, మీరే కల్పించారు. అప్పుడు ఈ సగాన్ని వాడి మనుషుల కళ్లెదుటే తెరవాలి. చాటుగా తెరిస్తే చెల్లదు. ఇన్నేళ్లూ తను మొగుడితో చాటుగానే పోట్లాడింది, చాటుగానే ఏడ్చింది. ఒక్కటీ చెల్లలేదు.

బయటికొచ్చి నేరుగా సార్ గదికి వెళ్లింది.

ఆదివారం బావగారు మోహనకృష్ణ, తోడికోడలు సుధారాణి భోజనానికి వచ్చారు. నాగశ్రీ వడ్డిస్తోంది. మంగాయమ్మ పెద్దకొడుకుతో గొప్పగా చెప్పింది: "నాగశ్రీ ఉద్యోగం మానేస్తోందిరా. మేమెవరం ఏమీ అన్లేదు, తనే అంది." ఉమాశంకర్ తల వంచుకుని పప్పు కలుపుకుంటున్నాడు.

నాగశ్రీ గరిటె గిన్నెలో వదిలేసింది. కంచం తెచ్చుకుని వాళ్ల వరసలోనే కూర్చుంది.

"నేననలేదు అత్తయ్యా, మీ అబ్బాయి అన్నారు. పోస్టు ఒప్పుకుంటే ఈ ఇంట్లో ఉండక్కర్లేదన్నారు, మీరు గుడికెళ్లినప్పుడు. నేను ఒప్పుకున్నాను. రేపట్నుంచి ఇన్‌ఛార్జిని."

సుధారాణి అన్నం గిన్నె ఆమె వైపు జరిపింది.

ఉమాశంకర్ లేచాడు. "లోపలికి రా, మాట్లాడాలి."

"రానండి," అంది నాగశ్రీ, అన్నం పెట్టుకుంటూ. "ఏమన్నా ఇక్కడే అనండి."