బెయిల్ మీద వచ్చిన మరిది

కాటన్‌పేటలో వెంకటలక్ష్మి కాపురం మేడ మీద, మరిది మంజునాథ్‌ది కింద. ఇంటి పంపకం గొడవలో అతను సొంత అన్న, అంటే ఆమె భర్త చిక్కమునియప్ప తల మీద ఇనుప రాడ్డుతో కొట్టాడు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యీ, మాటా పడిపోయాయి. హత్యాయత్నం కేసులో జైలుకు వెళ్ళిన మంజునాథ్‌కు కొద్ది వారాల్లోనే సెషన్స్ కోర్టు బెయిల్ ఇచ్చింది. అతను నేరుగా ఇంటికే వచ్చాడు.

పొద్దస్తమానం మేడ మెట్లలో ఆఖరిదాని మీద కూర్చునేవాడు. వదిన దిగితే మోకాళ్ళు కాస్త పక్కకు జరిపేవాడు, అంతే. ఆ సందులోంచి ఒదిగి ఒదిగి బయటపడాలి. రానురాను ఆమె దిగడమే మానేసింది. కూరగాయలు తాడు కట్టిన బుట్టలో పైకి లాక్కునేది. కింద తలుపు చప్పుడైతే చాలు, మంచంలో భర్త బిగుసుకుపోయేవాడు.

బెయిల్ షరతు ప్రకారం మంజునాథ్ పోలీస్ స్టేషన్లో సంతకానికి వెళ్ళిన ఒక పూట ఆమె గబగబా మెట్లు దిగి, హైకోర్టు లాయరు కిరణ్మయి దగ్గరికి వెళ్ళింది.

"బయటికొచ్చాక మిమ్మల్ని బెదిరించాడా?" అంది కిరణ్మయి.

"ఒక్క మాటా అనలా మేడమ్. మెట్ల మీద కూర్చోనుంటాడు. ఇల్లు ఆయప్పది కూడా కదా."

"అలాగైతే బెయిల్ కండిషన్లు తప్పాడని ప్రూవ్ చేయలేం. కానీ బెయిల్ ఆర్డరే తప్పయితే, అతను ఏమీ చేయకపోయినా హైకోర్టు రద్దు చేయొచ్చు. ఈ ఆర్డర్లో మీ ఆయన గాయం ఊసే లేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారనీ లేదు."

పిటిషన్ పడింది. మంజునాథ్‌కు నోటీసు వచ్చిన సాయంత్రం, కింద అతనితో ఉండే అత్త నంజమ్మ ఆయాసపడుతూ మేడెక్కింది.

"కోర్టుకు పోయినావంటనే? ఇద్దురూ నా కడుపున పుట్టినోళ్ళే."

"ఒకాయనకు నోరు లేకుండా పోయింది కదత్తా. ఆయన బదులు నేను మాట్లాడల్ల కదా."

విచారణలో మంజునాథ్ లాయరు, తన క్లయింటు ఒక్క షరతూ తప్పలేదన్నాడు.

"అది వేరే సంగతి," అన్నారు జడ్జి. "ఇంత గాయాన్ని పక్కనపెట్టి బెయిల్ ఎందుకిచ్చారో ఈ ఉత్తర్వులో ఒక్క కారణమైనా ఉందా?"

బెయిల్ రద్దయింది. మంజునాథ్ లొంగిపోవాలి. కావాలంటే మళ్ళీ అడగవచ్చు, ఈసారి సెషన్స్ కోర్టు అన్నీ చూసి, కారణాలు రాసి తేల్చాలి.

అతను లొంగిపోయిన మర్నాడు వెంకటలక్ష్మి భర్తను పట్టుకుని కిందికి దించింది. నంజమ్మ కిటికీలోంచే అంది: "వాడు మళ్ళీ బెయిల్‌కు ఏస్తాడంట."

"ఏయనీ అత్తా. ఈసారి మేమూ ఆడ ఉంటాం."

వీధి మలుపుదాకా నడిచారు. అక్కడ చిక్కమునియప్ప ఆగిపోయి వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డు ఖాళీగానే ఉంది. ఎంత బతిమాలినా ఇంకో అడుగు ముందుకు వేయలేదు.