పదకొండు మీటర్లు

చక్రం టక్కుమన్నప్పుడల్లా ఒక మీటరు. హైస్కూలు గేటు దగ్గర అంకెల డబ్బాను సున్నాకి తిప్పి, కొలత చక్రాన్ని రోడ్డు నడిమధ్యగా తోసుకుంటూ బయలుదేరిన టేపన్న మందుల షాపు దాటి, బస్టాపు దాటి, తన వీధి మలుపు తిరిగాడు. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. రోడ్డు ఊడుస్తున్నామె చీపురు ఆపి, "మళ్ళీనా అన్నా?" అంది. అతను తలూపాడు గాని ఆగలేదు. ఆగినంత మాత్రాన లెక్క పోదు, డబ్బాకి మతిమరుపు లేదు. ఆగితే మాట్లాడాల్సి వస్తుంది.

తన ఇంటి గడప ముందు చక్రం నిలిపి, వంగి చూశాడు. వెయ్యీ పదకొండు.

ఈ వారంలో ఇది ఐదోసారి. మూడుసార్లు వెయ్యీ పదకొండు, ఒకసారి వెయ్యీ పన్నెండు. నిన్న మాత్రం ఎవరూ చూడకుండా మలుపులన్నిటి దగ్గరా లోపలి అంచు పట్టుకుని వచ్చాడు. అలా కొలవకూడదు, రోడ్డు మధ్యగానే కొలవాలి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఆ సంగతి నేర్పేది అతనే. అంత తప్పు చేసినా వెయ్యీ రెండు వచ్చింది. తప్పు చేసినవాడికి ఫలమైనా దక్కాలి కదా, అదీ లేదు.

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది, ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. రోడ్ల ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా కొలతల పని. మొదటి తొమ్మిదేళ్ళూ టేపు సున్నా కొస పట్టుకుని నిలబడ్డాడు. సున్నా దగ్గర నిలబడేవాడికి అవతల ఎంత వచ్చిందో కనిపించదు, వాళ్ళు అరిచి చెబితే వినాలి. తర్వాత అవతలి కొసకి వచ్చాడు. అదే అతని జీవితంలో వచ్చిన ప్రమోషను. చూపుడువేలి పక్కన ఇనుప టేపు ఒరుసుకుని కాయ కాసింది. నడిచేటప్పుడు మనిషి తల ఎత్తడు. ఆ ఊళ్ళో ఏ మేడకి ఎన్ని అంతస్తులో అతనికి తెలియదు గాని, ఏ రోడ్డుకి ఎక్కడ అతుకు పడిందో నిద్రలో అడిగినా చెబుతాడు. కాంట్రాక్టర్లు వేసిన రోడ్డుకి పది మీటర్లు కలిపి రాయమని బతిమాలినప్పుడు, "నా టేపు సాగదు సార్" అంటాడు. ఆ మాట మీద ఆఫీసులో జోకులు చాలా ఉన్నాయి.

ఇంట్లో భార్య అన్నం డబ్బా సర్దుతోంది. అతని ముఖం చూడగానే ఆమెకి అంకె తెలిసిపోయింది.

"దరఖాస్తులకి ఇవాళే ఆఖరు రోజు," అంది. "నాలుగింటికి కిటికీ మూసేస్తారు."

"తెలుసు."

"తెలిసి ఏం చేస్తారు? రోడ్డుని దగ్గరికి లాగుతారా?"

పాపకి పదేళ్ళు. ఐదో తరగతి అయిపోయింది. ఈ రెండు నెలల్లో ఆ ఇంట్లో మాట్లాడుకున్నదంతా హైస్కూళ్ళ గురించే. పెద్ద బిల్డింగున్న ఒక స్కూలు వాళ్ళు తల్లిదండ్రులకి కూడా ఇంటర్వ్యూ పెట్టారు. "మీకు ఖాళీ దొరికితే ఏం చేస్తారు?" అని అడిగితే, "రోడ్లు చూస్తానండి," అన్నాడు టేపన్న. ఆ స్కూలు నుంచి మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. ఇంకో స్కూల్లో ప్రవేశ పరీక్ష రాస్తే పాప పేరు రెండు వందల పద్నాలుగోదిగా వెయిటింగు లిస్టులో వేలాడుతోంది. మూడోది రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన దూరం. నాలుగోది ఈ ప్రభుత్వ హైస్కూలు. మంచి టీచర్లు, సొంత లైబ్రరీ, ఆడపిల్లలకి ఆటల గ్రౌండు. కిలోమీటరు లోపు ఉన్నవాళ్ళకి సీటు ఖాయం. ఆ పైన ఉన్నవాళ్ళ పేర్లు లాటరీలో వేస్తారు. ముప్ఫై సీట్లకి తొమ్మిది వందల మంది.

ఆ దూరానికి ధ్రువపత్రం ఇచ్చేది రోడ్ల ఆఫీసు. ఈ వార్డులో కొలిచి రాసేది టేపన్న.

ఇదే అతని మెడకి చుట్టుకుంది. తొమ్మిది రోజుల కిందట పక్కింటి కిరాణా కొట్టాయన తన కొడుకు కోసం కొలిపించుకున్నాడు. వెయ్యీ ఆరు వచ్చింది. "ఆరు మీటర్లే కదా టేపన్నా, నా కొట్టు అరుగంత లేదు," అని కొట్టాయన చేతులు పట్టుకున్నాడు. టేపన్న అంకెల్లోనూ అక్షరాల్లోనూ వెయ్యీ ఆరే రాసిచ్చాడు. ఆనాటి నుంచి కొట్టాయన అతనితో మాట్లాడడు. సరుకులు తూచి కాగితం మీద పెట్టి, ముఖం పక్కకి తిప్పుకుంటాడు.

"మీకు అబద్ధం రాయడం చేతకాదు. ఫీజులు కట్టే స్కూలుకి పంపడమూ చేతకాదు," అంది భార్య డబ్బా మూత బిగిస్తూ. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది మీ వరస."

అతను డబ్బా అందుకున్నాడు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

ఆఫీసులో పదింటికే ఇంజనీరమ్మ పిలిచింది. ఆమె బల్ల మీద ధ్రువపత్రాల పుస్తకం ఉంది. "మీ పాప కూడా ఈ ఏడే కదా? రాసుకుని తీసుకురా, సంతకం పెట్టేస్తాను. మధ్యాహ్నం మీటింగుకి వెళ్ళిపోతాను," అంది. ఎంత దూరమని అడగలేదు. ఇన్నేళ్ళలో అతను రాసినదాన్ని ఆమె తిరిగి చూసింది లేదు. అనుమానపడే మనిషయితే బాగుండునని టేపన్నకి ఆ పూట అనిపించింది.

వరండాలో బల్ల దగ్గర కూర్చున్నాడు. తొమ్మిది వందల తొంభై ఆరు అని రాస్తే అడిగేవాడు లేడు. మళ్ళీ కొలవడానికి ఎవరైనా వచ్చినా, ఆ వచ్చేవాడు తనే. పాప పేరు రాశాడు, పుట్టిన తేదీ రాశాడు. దూరం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. అతనికి గుర్తొచ్చింది దేవుడూ కాదు, ధర్మమూ కాదు. కొట్టాయన చేతులు గుర్తొచ్చాయి. పప్పు పిండి అంటిన చేతులు, చల్లగా ఉన్నాయి ఆ రోజు. ఆ చేతుల్లోంచి తన చెయ్యి లాక్కుని రాసిన అంకె పక్కనే ఈ అంకె రాయాలి. ఒకే పుస్తకం, ఒకే చేతిరాత.

వెయ్యీ పదకొండు అని రాశాడు.

ఇంజనీరమ్మ సంతకం పెట్టబోతూ మొదటిసారి చదివింది. కళ్ళజోడు పైకి జరుపుకుంది. "ఇదేంటయ్యా, మళ్ళీ కొలవకపోయావా?"

"ఐదుసార్లు కొలిచానమ్మా."

ఆమె కాసేపు కాగితాన్నీ, కాసేపు అతన్నీ చూసి, మెల్లగా సంతకం పెట్టింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాడు. అక్క అతని వీధి మొదట్లోనే, సైకిల్ షాపు పైన ఒక్క గదిలో ఉంటుంది. ఒంటరి మనిషి. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు మడత పెట్టి రిటైరయింది. ఇప్పటికీ ఆమె గదిలో ఏ గుడ్డని చూసినా నాలుగు మూలలూ కలిసి ఉంటాయి. నాన్న పోయేనాటికి తమ్ముడికి పదేళ్ళు, ఆమెకి పందొమ్మిది. ఆ రోజుల్లో హైస్కూలు ఏడు కిలోమీటర్లు. రెండేళ్ళు నడిచాడు. మూడో ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "అక్కా, నేనిక వెళ్ళను," అన్నాడు. ఆమె డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. వెళ్ళమని చెప్పే ఓపిక లేక ఊరుకుంది.

విషయమంతా విని, అక్క అతని డబ్బాలో మజ్జిగ పోసింది.

"పిల్ల ఎవరింట్లో ఉంటే ఆ ఇల్లే కదరా లెక్క?"

"గార్డియన్ సంతకం పెడితే చాలు. కానీ నిజంగా ఉండాలి. చెప్పకుండా వచ్చి చూస్తారట."

"అయితే నిజంగానే ఉంటుంది. పంపెయ్ నా దగ్గరికి."

టేపన్న ముద్ద పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఐదేళ్ళక్కా."

"అయితే? అడవికి పంపుతున్నావా? మీ ఇంటికీ నా ఇంటికీ ఎంత?"

"అరవై మూడు మీటర్లు."

"అదీ కొలిచావూ!" అని నవ్వింది. నవ్వు ఆగాక గొంతు తగ్గించింది. "నిన్ను ఆ రోజు వెళ్ళమని చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళుగా అది నా కడుపులో ఉంది. ఇప్పుడు దీన్నైనా వెళ్ళనీరా."

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. అక్క ఇలా అన్నది ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. చక్రం తెచ్చుకుంటానని వెళ్ళాడు. స్కూలు గేటు నుంచి సైకిల్ షాపు పక్క మెట్ల దాకా కొలిచాడు. తొమ్మిది వందల నలభై ఎనిమిది. ఎండలో మళ్ళీ వెనక్కి నడిచి రెండోసారి కూడా కొలిచాడు. మీటింగుకి బయలుదేరుతున్న ఇంజనీరమ్మ జీపు మెట్టు మీద కాలు పెట్టి, కొత్త ధ్రువపత్రం మీద సంతకం చేసింది.

మూడున్నరకి స్కూలు కిటికీ దగ్గర అతని ముందు పదకొండు మంది ఉన్నారు. ఒకాయన కరెంటు బిల్లు మర్చిపోయి తలబాదుకుంటున్నాడు. ఒకామె కాగితాల కట్టని గుండెకి అదుముకుని పెదవులు కదుపుతోంది, అన్నీ ఉన్నాయో లేదో వల్లె వేసుకుంటోంది కాబోలు. టేపన్న వంతు వచ్చేసరికి నాలుగింటికి ఇంకా పది నిమిషాలే ఉంది. గుమాస్తా అక్క సంతకం చూశాడు, దూరం చూశాడు.

"పిల్ల మేనత్త దగ్గర ఉంటోందా?"

"ఇవాళ్టి నుంచి."

గుమాస్తా తలెత్తాడు. ఇలాంటి జవాబు ఆ రోజు అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. "పడక అక్కడే ఉండాలి. బట్టలు, పుస్తకాలు, అన్నీ. మావాళ్ళు వచ్చేసరికి పిల్ల అమ్మ దగ్గర పడుకుందంటే సీటు పోతుంది. తర్వాత నన్ననకండి."

"అనను," అన్నాడు టేపన్న. స్టాంపు పడింది.

సాయంత్రం పాప సామాను సర్దారు. ఒక రేకు బీరువా, మడత మంచం, పుస్తకాలు, రెండు సంచుల బట్టలు. పాప మొదట గంతులు వేసింది. అత్త గది కిటికీలోంచి సైకిళ్ళు రిపేరు చేయడం చూడొచ్చని దాని సంబరం. తల్లి గౌన్లు మడత పెడుతోంది. పొద్దున మొగుణ్ణి అన్ని మాటలన్న మనిషి, ఇప్పుడు మడత పెట్టిన గౌనునే మళ్ళీ విప్పి మడత పెడుతోంది.

"సాయంత్రాలు ఇక్కడికి వస్తుందిగా," అన్నాడతను.

"వస్తుంది. పడుకోవడానికి వెళ్ళిపోతుంది. చుట్టం లాగా," అందామె.

మంచం, సంచులు గడప బయట పెట్టి, ముందు బీరువాని అతనొక వైపు, భార్య ఒక వైపు పట్టుకుని వీధిలోకి దిగారు. కొట్టు ముందుకి వచ్చేసరికి బీరువా తలుపు తెరుచుకుని కొట్టుకోవడం మొదలెట్టింది. దింపారు. కొట్టాయన చూస్తున్నాడు. పాప మంచం, బీరువా, సంచులు, వీధి మొదలు, ఒక్కొక్కటే చూశాడు. అతనికి అర్థమైంది.

"నీకు అక్క ఉంది టేపన్నా," అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట. గొంతులో కోపం లేదు. "నాకెవరున్నారు?"

 టేపన్న అబద్ధం రాయలేదన్నది నిజమే. కానీ ఆ నిజం ఈ మనిషికి ఎందుకు పనికొస్తుంది? సిగ్గుగా అనిపించింది. ఏ కాంట్రాక్టరు ముందూ దించని తల దించుకున్నాడు. కొట్టాయన పురికొస ఉండలోంచి బారెడు తెంపి ఇచ్చి, "తలుపు కట్టెయ్, ఊడుతుంది," అని లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క గదిలో మంచం వేశారు. పుస్తకాలు కిటికీ గూట్లో పెట్టారు. పాప మెట్ల దాకా దిగి వచ్చింది.

"నాన్నా, కొత్త స్కూల్లో మీ ఇల్లెక్కడ అని అడిగితే ఏం చెప్పాలి?"

"సైకిల్ షాపు పైన అని చెప్పు."

"అబద్ధం కాదా?"

"కాదు," అన్నాడు. "ఇవాళ్టి నుంచి కాదమ్మా."

పాప తల ఊపింది. పైనుంచి అత్త పిలిస్తే రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. పదేళ్ళ పిల్ల, చూడాలని దానికి తోచలేదు. టేపన్న భార్య పక్కన నడుస్తూ ఇంటికి వచ్చాడు. దారిలో అడుగులు లెక్కపెట్టలేదు.

"ఏమీ మిగల్లేదు కదా?" అంది భార్య గడపలో నిలబడి. "రేపొచ్చి చూసినా చూస్తారు."

"ఏమీ లేదు," అన్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వెళ్ళాడు. కుళాయి తిప్పబోయి ఆగాడు. తొట్టిలో చెంబుడు నీళ్ళు ఉంటే వాటితోనే కాళ్ళు కడుక్కుని బయటికి వచ్చాడు. కుళాయి మెడకి పాప నీలం రబ్బరు బ్యాండు వేలాడుతోంది, దానికి రెండు పొడవాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి.