ఎడమకు లాగే కారు

మా ఆయన ఎడంచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వడు. సీలేరు కాలనీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఒకసారి కొట్టువాడు చుట్టల కట్ట ఎడంచేత్తో అందించాడని అక్కడికక్కడే తగువు పెట్టుకుని, చుట్టలు లేకుండా ఇంటికొచ్చి, ఆ కోపమంతా నా మీద చూపించిన మనిషి. అలాంటివాడికి కుడిచెయ్యి కాలింది.

నా వల్ల కాలిందనను, నా కోసం కాలిందంటాను. వానాకాలంలో ఒకరోజు పంపు స్టవ్వు భగ్గుమని మంట నా కుచ్చెళ్ళ దాకా వచ్చింది. ఆయన దాన్ని ఒట్టిచేత్తో పట్టుకుని పెరట్లోకి విసిరేశాడు. నా చీర అంచు కూడా కమలలేదు. ఆయన చెయ్యి మానింది కానీ వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. పవర్‌హౌసులో ఫిట్టరు జగన్నాథరావు చెయ్యి పడితే బాగుపడని మిషను లేదనేవారు. ఆ చెయ్యి ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోదు.

ఏ.ఇ. గారు మంచివారు. "టూల్ రూములో కూర్చో జగన్నాథం. అడిగినవాళ్ళకి పనిముట్లు ఇవ్వడం, మళ్ళీ పుచ్చుకోవడం, అంతే. జనవరి ఒకటో తారీకు దాకా ఆ చోటు నీకే ఉంచుతాను" అన్నారు. ఆ తర్వాత ఇంకొకరిని వెయ్యాలి. మేం క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మా ఆయన తల అడ్డంగా ఊపి వచ్చేశాడు.

"రోజంతా ఎడంచేత్తో ఇచ్చే ఉజ్జోగం నాకొద్దు. పనిముట్టంటే లచ్చిమి. ఎడంచేత్తో ఇత్తే ఎవుడు తీసుకుంతాడు?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మీ పంతాన్ని పొయ్యిమీద ఎడితే ఉడుకుతాదేటి?" అనేశాను. అన్నాక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ చెయ్యి లేకపోతే నేనే లేనుకదా!

పక్క క్వార్టరులో పైడితల్లి అని ఎనిమిదేళ్ళ గుంట ఉండేది. దాని మేనమామ ఓడలో పనిచేస్తాడు. దసరాకి విశాఖపట్నంలో దిగినప్పుడు దానికో ఎర్రటి బొమ్మకారు ఇచ్చాడు. తీగ లేదు, తాడు లేదు. చేతిలో ఒక డబ్బా, దాని మీద యాంటెన్నా, ఒకే ఒక్క బొత్తాం. బొత్తాం నొక్కితే అల్లంత దూరంలో ఉన్న కారు పోతుంది, వదిలితే ఆగుతుంది. కాలనీ పిల్లలంతా దాని వెనకాలే.

డిసెంబరు చలిలో ఒక పొద్దున్న పైడితల్లి ఆ కారును స్వెట్టర్లో చుట్టి మా ఇంటికి తెచ్చింది.

"బాబాయ్, దీనికి జొరమొచ్చింది. పొద్దున్న లెగట్లేదు. మజ్జాన్నం ఎండెక్కితే లెగుస్తంది."

"బొమ్మకి జొరమేటే గుంటా?" అన్నాడాయన, గోడవైపు నుంచి తిరగకుండానే.

"ఒకసారి సూడు బాబాయ్! సక్రాలు బిగుసుకుపోనాయి."

ఏమనుకున్నాడో, లేచి కూర్చున్నాడు. కారును మోకాళ్ళ మధ్య ఇరికించి ఎడంచేత్తో స్క్రూడ్రైవరు పట్టాడు. అది జారింది. మళ్ళీ జారింది. సాయం పట్టాలని నా చేతులు పీకుతున్నా కట్టుకుని నిలబడ్డాను. ఊరుకోవడం నాకు చేతకాని పని. ఆ పూట ఎలాగో చేశాను. చివరికి మూత ఊడింది. ఆయన లోపలికి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇందులో ఏటి పోసినావే?"

"కొబ్బరినూనె. కిర్రుమంటందని రాసినాను. అమ్మ నా తలకి రాయదేటి?"

ఆయన పగలబడి నవ్వాడు. అనకాపల్లి నుంచి కొత్తగా వచ్చిన పైడితల్లి వాళ్ళకి ఈ కొండల చలి సంగతి ఏం తెలుసు? ఈ నెలల్లో మా ఇంట్లో నూనె సీసాను పొయ్యి పక్కన పెడితేగానీ చుక్క దిగదు. కారు పళ్ళచక్రాల మధ్య ఆ నూనే తెల్లగా పేరుకుపోయింది. చెయ్యి కాలాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ తలనూనెకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కిరసనాయిలు గుడ్డతో చక్రాలు తుడిచాడు. నా కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాడు. ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు లాగాడు. బ్యాటరీలు ఆనేచోట పట్టిన పచ్చటి చిలుమును గరుకు కాగితంతో గీకాడు. అంతా అయ్యాక పైడితల్లి రెండు చేతులూ చాపింది.

కారు ఆయన ఎడంచేతిలో ఉంది. ఆయన ఆ చేతినీ, పిల్ల చేతుల్నీ చూశాడు. కారును నేలమీద పెట్టి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎడమ బొటనవేలితో బొత్తాం నొక్కాడు. కారు తనంతట తానే పిల్ల వైపు బయల్దేరి, సగం దారిలో పక్కకి తిరిగి రోలుకు గుద్దుకుంది.

"ఎప్పుడూ అంతే బాబాయ్. ఎడమకి లాగుతంది."

అడుగున ముందు చక్రాల్ని తిప్పే చిన్న మీట ఒకటుంది. దాన్ని వెంట్రుకవాసి కదిపి వదిలాడు. మళ్ళీ గుద్దుకుంది. మళ్ళీ కదిపాడు. ఆ రోజు నుంచి రోజూ అదే పని. గోడవైపు తిరిగి పడుకోవడం మానేశాడు. చివరికి కారు గీత గీసినట్టు పిల్ల కాళ్ళ దగ్గరికి పోయింది. దాని మీద బెల్లంముక్క పెట్టి పంపేవాడు. చెయ్యి చాపకుండానే ఇవ్వడం కుదిరిందని ఆయనకి ఎంత గర్వమో!

నెలాఖరున ఉన్నట్టుండి, "ఒకటో తారీకున సేరతాను" అన్నాడు.

"పనిముట్లు ఎలా ఇత్తారు?"

"కారు ఇత్తాది."

వేళాకోళం అనుకున్నాను. నిజంగానే వెళ్ళి పైడితల్లిని కారు అడిగాడు. "సాయంత్రానికి తెచ్చీయాలి" అని అది గట్టిగా చెప్పి మరీ ఇచ్చింది.

ఒకటో తారీకున పని మొదలయ్యే వేళకే క్యారియరు వంకతో నేనూ టూల్ రూముకు వెళ్ళాను. పొడవాటి బల్ల అవతల మా ఆయన, ఇవతల భీముడు. భీముడిది డొంకరాయి అవతలి కొండ ఊరు. ఆయన దగ్గర హెల్పరుగా పని నేర్చుకున్నాడు. చెయ్యి కాలిన రోజు ఆసుపత్రికి మోసుకెళ్ళిందీ అతనే.

"పద్నాలుగో నెంబరు పానా ఇయ్యండి రావుగోరూ" అన్నాడు.

ఆయన పానాను కారు మీద పెట్టి బొత్తాం నొక్కాడు. వెనకాల జనం కిసుక్కుమన్నారు. కారు సగం బల్ల దాకా తిన్నగా వెళ్ళింది. బెల్లంముక్క బరువు వేరు, ఇనుము బరువు వేరు. ఒక పక్కకి ఒరిగి, ఎడమకు లాగి, గుండ్రంగా తిరిగి ఆయన వైపు బల్ల అంచు దాటేసింది.

డబ్బా వదిలేసి ఆయన రెండు చేతులూ చాపాడు. ముడుచుకున్న కుడివేళ్ళ కొక్కెంలో కారు చిక్కింది. ఎడంచేతిలో పానా ఉంది.

ఎవరూ నవ్వలేదు. ఆయన మొహం నల్లబడింది. ఆ పానాను అలాగే ముందుకు చాపాడు. భీముడు అరచేతులు రెండూ నిక్కరుకు తుడుచుకుని, దోసిలి పట్టి పానా అందుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు.

"ఆ బొమ్మని బేగి పక్కనెట్టండి రావుగోరూ. ఎనకాల జనముండిపోనారు" అన్నాడు.

ఆయన కారు పక్కన పెట్టాడు. వెనక మనిషి కూడా అడిగిన పనిముట్టు దోసిట్లోనే తీసుకున్నాడు. క్యారియరు కిందపెట్టి నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. భీముడికి ఆ రోజు చెప్పలేకపోయిన మాట ఇదే: నువ్వు చల్లగా ఉండాలి నాయనా.

సాయంత్రం పైడితల్లి గుమ్మంలోనే కాచుకుని ఉంది. మా ఆయన కారును ఎడంచేత్తో దాని చేతిలో పెట్టాడు. అది కారును తిరగేసి, మీట చూసి, నేలమీద వదిలి బొత్తాం నొక్కింది.

"మళ్ళీ ఎడమకి లాగుతంది బాబాయ్!"

"లాగనీయే గుంటా" అన్నాడాయన.