సబ్బు వరస

ఊరికి దూరంగా, పొలాల మధ్య ఒకప్పటి పశువుల కొట్టం అది. ఇప్పుడు గచ్చు చేసి, మంచాలు వేసి, వేసవి సెలవుల్లో పిల్లలకు అక్కడే తిండీ పడకా పెట్టి వయొలిన్ నేర్పుతున్నారు. గడ్డి తొట్లు మాత్రం పీకలేదు. నోట్స్ కాగితాలు వాటి మీద పెట్టుకునే వాయించాలి.

ఆఖరి రోజు తల్లిదండ్రుల ముందు కచేరీ. పిల్లలందరూ వేదిక మీద కనబడాలి, కానీ అందరూ వినబడకూడదు. పెద్ద మాస్టారి పద్ధతి అది. శ్రుతి నిలవని పిల్లల చేత వయొలిన్ వాయించే కమాను వెంట్రుకలకు సబ్బు రాయించి వెనక వరసలో నిలబెడతారు. సబ్బు రాసిన కమాను తీగ మీద జారుతుందే తప్ప కిక్కురుమనదు. ఎంత మర్యాదైన మోసమో చూడండి!

ఈసారి ఆ సబ్బు బిళ్ల పియానోలు శ్రుతి చేసేవాడి కూతురి చేతికి వచ్చింది.

"నేను బాగానే వాయిస్తాను సార్. మా నాన్న చెప్పారు," అంది ఆ పిల్ల.

"నాన్నలందరూ అలాగే చెప్తారమ్మా," అన్నారు మాస్టారు గడియారం చూసుకుంటూ. "చెయ్యి మాత్రం అందరితో పాటు ఆడించు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అందరి నాన్నలూ తన నాన్నా ఒకటేనా? పక్క గదిలో తీగ వెంట్రుకవాసి సడలినా ఆయనకు ముద్ద దిగదు. పేరున్న కళాకారులు కూడా ఆయన తలూపేదాకా పియానో ముట్టుకోరు. అలాంటి మనిషి రోజూ సాయంత్రం కళ్లు మూసుకుని తన వయొలిన్ విని, బాగుందనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఇంత దూరం వచ్చింది.

సరే, సబ్బే రాసుకుంటాను అనుకుంది. నాన్న కనిపెట్టకుండా ఉంటాడా? మా అమ్మాయి నోరు ఎందుకు నొక్కారని నలుగురిలో కడిగేస్తాడు. అప్పుడు తెలుస్తుంది ఈ మాస్టారికి!

కచేరీ మొదలైంది. తండ్రి ముందు వరసలోనే కూర్చున్నాడు. ఆమె ఆయన మీంచి చూపు తిప్పకుండా కమాను లాగింది. కాసేపటికి ఆయన తల పక్కకు వాల్చాడు, పలకని తీగను వెతికేటప్పుడు చేసినట్టే. ఆమె చేతి వైపు తేరిపార చూశాడు. పట్టేశాడు! ఆయన మెల్లగా కళ్లు మూసుకున్నాడు.

చప్పట్లు అయ్యాక ఆయన లేచి మాస్టారి దగ్గరికి వెళ్లాడు. రెండు చేతులూ పట్టుకుని, చాలా బాగా నేర్పారండీ అన్నాడు. తర్వాత కూతురి దగ్గరికి వచ్చాడు.

"ఇంతమందిలోనూ నీ వయొలిన్ ఒక్కటే నాకు వేరుగా వినిపించిందిరా తల్లీ."

"నిజంగా విన్నావా నాన్నా?"

"నా చెవి మీద నీకు అనుమానమా?" అని నవ్వాడు. నవ్వుతూనే చూపు పక్కకు తిప్పుకున్నాడు.

ఆ క్షణంలో ఆమెకు ఇంట్లో గడిచిన సాయంత్రాలన్నీ అర్థమయ్యాయి. సబ్బు ఇచ్చిన మాస్టారి మీద కోపం కూడా మిగల్లేదు. ఆయన కనీసం మొహం మీదే చెప్పారు.

"ఇంక నేను వాయించను నాన్నా," అంది.

ఎందుకని ఆయన అడగలేదు.