ముందు మీరే పిలవండి

నెట్‌వర్క్ అనే మాటలో నెట్టడం ముందుంటుంది, వర్కు వెనకుంటుంది. ఇంజినీరింగ్ కాలేజీలో ఈ ముక్క మధులతకి ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక మద్దిలపాలెంలో తెలిసింది.

మధులత పనిచేసేది అచ్యుతరామయ్యగారి రొయ్యల ఎగుమతి కంపెనీలో. ఆ కంపెనీకి రెండు కొసలు. ఒక కొస ఫిషింగ్ హార్బర్ పక్కనున్న కోల్డ్ స్టోరేజీ. అక్కడ రొయ్యలు గడ్డకడతాయి. రెండో కొస రుషికొండలో కొత్తగా తీసుకున్న అద్దాల ఆఫీసు. అక్కడ ఏసీకి మనుషులు గడ్డకడతారు. కోల్డ్ స్టోరేజీ గదుల్లో చలి ఎంతుందో రుషికొండ తెర మీద ఎప్పటికప్పుడు కనపడాలి. బయటివాళ్ల కంట మాత్రం పడకూడదు. రెండు ఆఫీసుల మధ్య అలా గుట్టుగా నడిచే సొంత దారిని వీపీఎన్ అంటారు. అది పడకపోతే పగిలేది వీపే కాబట్టి పేరు బాగానే కుదిరింది.

"శుక్రవారం మన సరుకు కొనే విదేశీ పార్టీల తరఫున తనిఖీకి ఒకావిడ వస్తున్నారమ్మాయ్," అన్నారు అచ్యుతరామయ్య. గోదావరి జిల్లా వదిలి విశాఖ వచ్చి ఎన్నేళ్లయినా ఆయన వెటకారానికి మాత్రం సముద్రపు గాలి తుప్పు పట్టించలేకపోయింది. "తెర మీద అంకెలు కనపడ్డాయనుకో, నీ ఉద్యోగం పర్మనెంటు. కనపడలేదనుకో, నిన్ను తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీలో కూర్చోబెడతాను. థర్మామీటర్ చూసి ఫోన్లో అంకెలు చదువుదువుగాని. స్వెట్టర్ మాత్రం నువ్వే తెచ్చుకోవాలి."

నవ్వుతూనే అన్నారు. మధులతకి ముందు ఆ సీట్లో ఉన్నతన్ని కూడా నవ్వుతూనే అక్కడికి పంపించారు. అతను ఇప్పటికీ మే నెలలో మఫ్లర్ కట్టుకుని తిరుగుతున్నాడు. మధులతకి ఇంకో చిక్కు కూడా ఉంది. కంచరపాలెంలో వాళ్లమ్మ సీతాలు, కూతురికి పర్మనెంటయిపోయిందని వీధి వీధంతా ముందే చెప్పేసుకుంది.

పని చూస్తే చిన్నదే. హార్బర్ దాకా కేబుల్ ఉన్నది 'కెరటం' అనే కంపెనీకి ఒక్కదానికే. రుషికొండ బిల్డింగువాళ్లు లోపలికి రానిచ్చేది 'శిఖరం' అనే కంపెనీని ఒక్కదాన్నే. కాబట్టి దారి రెండు రాజ్యాల మీదుగా పోవాలి. ఆ రెండు రాజ్యాలూ కలిసే సరిహద్దు మద్దిలపాలెం బస్సు డిపో వెనక ఒక గది. గదిలో కెరటం రౌటర్ ఇటు, శిఖరం రౌటర్ అటు, వియ్యాలవారి విడిదిలా ఎదురెదురుగా. మధ్యలో ఒకే ఒక్క వైరు. వైరు కలిపారు. వైరం పోలేదు.

మధులత కెరటానికి ఫోన్ చేస్తే, "మా వైపు ఫైన్ మేడమ్, శిఖరం వాళ్లని అడగండి," అన్నారు. శిఖరానికి చేస్తే, "మా వైపు ఫైన్ మేడమ్, కెరటం వాళ్లని అడగండి," అన్నారు. అందరూ ఫైనే, పని మాత్రం ఫైనల్ కాదు. ఫిర్యాదు చేస్తే చెరో టికెట్టూ ఇచ్చారు. డిపో వెనకే నిలబడి, చేతిలో రెండు టికెట్లు పట్టుకుని, ఎక్కడానికి బస్సు లేని మనిషి విశాఖ మొత్తం మీద ఆవిడొక్కతే.

ఇలా కాదని గురువారం పొద్దున్నే రెండు కంపెనీల ఇంజినీర్లనీ ఆ గదికి రప్పించింది. కొట్టుకుంటారేమోనని భయపడుతూ గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ ఒకే బండి మీద దిగారు.

కెరటం ఇంజినీరు ఎల్లారావుది జాలారిపేట. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకెళ్తారు. వాళ్ల వల సముద్రంలో, ఇతని వల కంప్యూటర్లో. శిఖరం ఇంజినీరు నాగవంశీ తండ్రిది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబమే గానీ, నాగవంశీ పుట్టి పెరిగిందంతా ఇక్కడే.

"ఏటి, మీరిద్దరూ ఫ్రెండ్సా?" అంది మధులత.

"ఫ్రెండ్సేటి మేడమ్, బావా బావా అనుకుంతాం," అన్నాడు ఎల్లారావు. "మొన్న మా అన్న పెళ్లికి వడ్డన ఈడిదే. సేపల పులుసులో ముక్కలన్నీ ఈడి కంచంలోకే ఎల్లిపోనాయి."

"ముల్లు గొంతులో ఇరుక్కుంది, అది కూడా చెప్పు బావా," అన్నాడు నాగవంశీ.

"మరి మీ రౌటర్లెందుకు మాట్లాడుకోవు?"

ఇద్దరి మొహాల్లోనూ నవ్వు ఆరిపోయింది. "అది ఆఫీసు మేటర్ మేడమ్," అన్నారు కూడబలుక్కున్నట్టు.

మధులత ఇద్దరి ల్యాప్‌టాపులూ తనవైపు తిప్పించుకుంది. రెండు తెరల మీదా ఒకటే మాట: ఎదురుచూస్తున్నాం. రెండు రౌటర్లు తమ తమ దారులు చెప్పుకోవాలంటే, ముందు ఒకటి పలకరించాలి, ఇంకోటి బదులు పలకాలి. పలకరించకుండా పిలుపు కోసం కూర్చునే పద్ధతి కూడా ఒకటుంది. దాన్ని ప్యాసివ్ అంటారు. ఇక్కడ రెండు రౌటర్లకీ ఆ పద్ధతే పెట్టారు. నెల రోజులుగా ప్యాసివ్‌గా కూర్చుని రెండూ పాచి పట్టిపోతున్నాయి.

"నువ్వు ముందు పిలిస్తే ఏటవుతాది, ఎల్లారావూ?"

"అమ్మో! హెడ్డాపీసు సంపేత్తాది మేడమ్. సిన్న నెట్‌వర్కుని మన రౌటర్ ముందు పలకరించకూడదని రూలు."

"ఎవడ్రా చిన్న?" నాగవంశీ కుర్చీలోంచి లేచాడు. "మాకూ అదే రూలు. చిన్నవాళ్లని మేం ముందు పిలవం."

"అయితే మీది పెద్దదా బావా? మా కేబులు సముద్రం దాకా ఉన్నాది."

"మాది కొండ దాకా ఉంది."

"కొండకి ఎవులెల్తారు, పిక్నిక్కోళ్లు తప్ప?"

ఆ రూలు రెండు కంపెనీలకీ రాసిచ్చిన సలహాదారు ఒకడేనని అక్కడ ఎవరికీ తెలియదు. ఒకసారి రాసి రెండుసార్లు అమ్ముకున్నాడు. పిలవని పేరంటానికి వెళ్లకూడదన్నది పాత మర్యాద. ఇద్దరు పేరంటాళ్లూ ఎవరింట్లో వాళ్లు తలుపు తీసుకుని, అవతలావిడ బొట్టు పెట్టి పిలిచేదాకా కదలనని కూర్చోవడం ఈ కొత్త మర్యాద. కాల్ చెయ్యరు, కాలు మాత్రం దువ్వుతారు.

పోనీ పైవాళ్లతో తేల్చుకుందామని మధులత ఇద్దరు మేనేజర్లకీ వీడియో మీటింగ్ పెట్టింది. "శిఖరం వాళ్లు చేరాక చెప్పండి, చేరతాను," అన్నాడు కెరటం మేనేజరు. "కెరటం వాళ్లు చేరాక చెప్పండి, చేరతాను," అన్నాడు శిఖరం మేనేజరు. మీటింగులో మధులత మొహం ఒక్కటే, తన వంక తనే చూసుకుంటూ కూర్చుంది. ఆ తెరలో తన మెడకి మఫ్లర్ చుట్టినట్టు కూడా కనిపించింది.

మీటింగ్ మూసేసి ఆటో ఎక్కి ఆఫీసుకెళ్లింది. స్టోర్ రూములో వాడకుండా పడున్న చిన్న రౌటర్ ఒకటి వెతికి డిపో వెనక గదికి తెచ్చింది. దాన్ని రొయ్యల అట్టపెట్టెల మధ్య పడేసి ఉంచడంతో గది నిండా హార్బర్ వాసన కమ్ముకుంది.

"మా ఇంటి వాసనొత్తంది మేడమ్," అన్నాడు ఎల్లారావు ఆప్యాయంగా.

మధులత రెండు రౌటర్ల మధ్యనున్న ఆ ఒక్క వైరూ పీకేసింది. తన రౌటర్ని మధ్యలో పెట్టింది. "ఇదిగో, నువ్వూ పిలవొద్దు, నువ్వూ పిలవొద్దు. నానే ఇద్దర్నీ పిలుస్తాను. కస్టమరు పిలిస్తే పలుకుతారా, దానికీ రూలుందా?"

ఇద్దరూ ఆలోచించారు. కస్టమరు ఎప్పుడూ చిన్నవాడే. చిన్నవాడు పిలిస్తే పెద్దవాడు పలకడంలో తప్పులేదు. "పలుకుతాం," అన్నాడు నాగవంశీ.

"అయితే నీ దారులు నాకు చెప్పు, నాను అతనికి చెప్తాను. అతను తన దారులు నాకు చెప్తాడు, నాను నీకు చెప్తాను. మీరు మీరు మాట్లాడుకోనక్కర్లేదు."

చెరో వైరూ ఇచ్చారు. మధులత రౌటర్ ఇటు పిలిచింది, కెరటం పలికింది. అటు పిలిచింది, శిఖరం పలికింది. కాసేపటికి హార్బర్ నుంచి బయల్దేరిన పలకరింపు రుషికొండ చేరి బదులుతో తిరిగొచ్చింది. రౌతు కొద్దీ గుర్రం అంటారు. గుర్రాలు రెండూ మొండికేసిన చోట రౌటరే రౌతయింది. ఎవరి పెద్దరికమూ అంగుళం కదల్లేదు, సమాచారం మోసే ప్యాకెట్లు మాత్రం కదిలాయి.

"బావా, టీ తాగుదాం పద," అన్నాడు నాగవంశీ.

"ముందు నువ్వే పిలిసావు, సూసుకో," అన్నాడు ఎల్లారావు.

శుక్రవారం రుషికొండ ఆఫీసుకి తనిఖీ అధికారి శ్రీవల్లి వచ్చింది. తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే మనిషి. అచ్యుతరామయ్య స్వయంగా కుర్చీ జరిపి, గోడ మీద తెర వెలిగించారు. అంకెలు టకటకా వచ్చాయి. మొదటి గది మైనస్ పద్దెనిమిది. రెండో గది మైనస్ పద్దెనిమిది. అచ్యుతరామయ్య మధులత వంక చూసి తలూపారు. ఆ ఊపులో పర్మనెంటు కనిపించింది.

మూడో గది మైనస్ ఏడు.

ఊపుతున్న తల మధ్యలో ఆగిపోయింది. "అబ్బే, అది తప్పండీ," అన్నారు ఆయన. "రోజూ ఫోన్లో చెబుతారు కదా, మూడు గదులూ మైనస్ పద్దెనిమిదే. ఈ లైను నిన్ననే పడింది. రెండు కంపెనీలు దాటి రావాలి. దార్లో అంకె డస్సిపోయుంటుంది." మధులత వైపు తిరిగారు. "చెప్పమ్మాయ్, లైను తప్పే కదా?"

లైను తప్పంటే మధులత పని తప్పు, సోమవారం నుంచి స్వెట్టరు. లైను ఒప్పంటే ఆయన గది తప్పు. పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టే చెయ్యి ఆయనదే.

"కోల్డ్ స్టోరేజీలో అడుగుదామండీ," అని తాతబాబుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. రోజూ అంకెలు చదివేది తాతబాబే.

"తాతబాబూ, మూడో గది ఎంతుంది?"

"ఎప్పట్లాగే మేడమ్, మైనస్ పద్దెనిమిది."

అచ్యుతరామయ్య ఛాతీ విప్పారింది.

"సూసి సెప్తన్నావా?"

"సూడ్డానికేటుంది మేడమ్? రోజూ అదే కదా!"

ఇక్కడితో ఫోన్ పెట్టేసినా మధులతని ఎవరూ తప్పు పట్టరు. అయినా పెట్టెయ్యలేదు.

"ఎల్లి సూడు, తాతబాబూ. నాను లైన్లో ఉంటాను."

చెప్పుల చప్పుడు దూరమైంది. తలుపు కిర్రుమంది. "ఓలమ్మో!" అన్న కేక దూరం నుంచి వినిపించింది. "మేడమ్, తలుపు రబ్బరు ఊడిపోయి ఏలాడతంది! మైనస్ ఏడుంది మేడమ్! కాదు, ఆరైపోతంది!"

సరిగ్గా అప్పుడే తెర మీద ఏడు ఆరయింది.

శ్రీవల్లి మొదటిసారి నవ్వింది. "మూడో గది సరుకు పక్కన పెట్టండి. అది ఎగుమతికి పనికిరాదు. తలుపు బాగు చేయించండి. నేను వారం రోజులు ఈ అంకెలే చూస్తాను, ఫోన్లో చెప్పేవి కాదు. మధ్యలో లైను పడిపోతే మాత్రం, కావాలనే పడేశారనుకుంటాను."

అచ్యుతరామయ్యకి ఇప్పుడు తలుపు రబ్బరుకన్నా మధులత ముఖ్యమైంది. ఆ లైను మధ్యలో కూర్చున్న రౌటర్ సంగతి కంపెనీలో ఇంకెవరికీ తెలియదు. అధికారి కారు గేటు దాటకముందే పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టారు. ఆముదం తాగినట్టు పెట్టారు, అయినా పెట్టారు.

సాయంత్రానికి కెరటం, శిఖరం కంపెనీలు సోషల్ మీడియాలో తమ పేజీల్లో చెరో ప్రకటన వేశాయి. రెండు నెట్‌వర్క్‌లనీ కలిపిన ఘనత తమ చొరవదేనని కెరటం, కాదు తమ చొరవదేనని శిఖరం. ముందు పలకరించనని నెల రోజులు భీష్మించుకున్నవాళ్లకి చొరవ అనే మాట స్పెల్లింగ్ తప్పకుండా ఎలా వచ్చిందో మరి.

ఇంటికి బయల్దేరుతున్న మధులతని అచ్యుతరామయ్య మెట్ల దగ్గర ఆపారు. చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, నీ లైను మరీ మొహం మీదే చెప్పేస్తోందమ్మా. పెద్దలు కూర్చున్నప్పుడు ఎలా మాట్లాడాలో కాస్త నేర్పలేవా దానికి?"

"దానికి మాటలు రావండీ," అంది మధులత. "గది చెప్పిందే చెప్తుంది. రబ్బరు మేస్త్రీకి ఫోన్ చేశారా మీరు?"

"అతనే చేస్తాడేమోనని చూస్తున్నాను," అన్నారు అచ్యుతరామయ్య.