బుర్రల బడికి ఇచ్చిన స్థలం

పంచదార మేడమ్ నోటికి 'మన' అనే మాట అంత తేలిగ్గా రాకపోయి ఉంటే వెల్డింగ్ మేస్త్రి బతుకు ఇలా అయ్యేది కాదు. ఈ మాట మేస్త్రి ఎవరితోనైనా అంటాడు. గేటుకు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళతో అంటాడు, టీ కొట్టు దగ్గర అంటాడు, ఎవరూ దొరక్కపోతే గ్రైండింగ్ మిషన్‌తో అంటాడు. ఆవిడకు అసలు పేరు ఒకటుంది. వెనకాల చదువుల తోకతో సహా ఆవిడ నడిపే బడి గేటు పక్క బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ బోర్డుకు ఫ్రేము చేసిందీ మేస్త్రే. అయినా ఆ పేరు పలకడానికి అతనికి నోరు రాదు. మొదటిసారి ఆవిడ మాట విన్న రోజు ఇంటికొచ్చి, "ఏం మాట తీరే! నోట్లో పంచదార పోసుకుని పుట్టినట్టుంది" అని భార్యతో మెచ్చుకోలుగా అన్నాడు. ఆనాడు ముద్దుగా పెట్టిన పేరే ఇప్పుడు తిట్టయి కూర్చుంది.

ఆ బడి మేస్త్రి షెడ్డుకు వెనకవైపే ఉంది. తెలివి మరీ ఎక్కువున్న పిల్లల్ని ఏరి తెచ్చి, ఫీజు లేకుండా చదివిస్తారు. వీధిలో వాళ్ళు దాన్ని బుర్రల బడి అంటారు. మేస్త్రి ఐదో తరగతి మధ్యలోనే పలక పారేసి సుత్తి పట్టుకున్నవాడు. గోడ అవతల బుర్రలున్నా బూడిద గుమ్మడికాయలున్నా అతనికి ఒకటే.

ఒకరోజు బడి గేటు కీలు ఊడిపోయిందని పంచదార మేడమ్ స్వయంగా షెడ్డుకొచ్చింది. ఆ సమయానికి మేస్త్రి ఒక కిటికీ గ్రిల్లుకు కొలత తీస్తున్నాడు. కూతురు యాంగిల్ ఇనుప ముక్కల గుట్ట మీద కూర్చుని కాళ్ళాడిస్తోంది. సన్నగా ఉంటుంది, మాట గుచ్చినట్టుంటుంది కాబట్టి ఇంట్లో దాన్ని గుండుసూది అంటారు. టేపు ఇంకా చుట్టుకోనే లేదు, గుండుసూది అంది: "నాన్నా, నీ రాడ్లు చాలవు. ఒకటి తక్కువొస్తుంది. మధ్యలో పువ్వు పెడితే సరిపోతుంది."

మేడమ్ గేటు సంగతి మరిచిపోయింది. పిల్ల పక్కనే ఆ ఇనుప గుట్ట మీద, ఇస్త్రీ చీరతో కూర్చుని అవీ ఇవీ అడిగింది. లేచేటప్పుడు మేస్త్రితో, "ఈ పిల్ల ఉండాల్సింది ఇక్కడ కాదండీ మేస్త్రి గారూ. మన బడిలో" అంది.

మా బడి అనలేదు. మన బడి అంది. మేస్త్రి ఆ పూట కొలతలన్నీ తప్పాడు.

పిల్ల పరీక్ష రాసింది, సీటొచ్చింది. అయితే ఆ సీటు ఏడాదికే. ఏడాది చివర బడి పెద్దలు కూర్చుని పిల్లల పని చూస్తారు. ఉంచుకునేవాళ్ళను ఉంచుకుంటారు, పంపేవాళ్ళను పంపేస్తారు. ఆ మాట చెప్పిన రోజు నుంచి మేస్త్రికి కంటి మీద కునుకు లేదు.

బడి నడిచేది చుట్టుపక్కల వాళ్ళ సాయంతోనే. దర్జీ వచ్చి గుడ్డ కత్తిరించడంలో ఉన్న లెక్క చెప్పేవాడు. లారీ డ్రైవరు దారులు గీసి చూపించేవాడు. ఒక నర్సు వచ్చి ఒకరి నాడి ఒకరి చేత పట్టించేది. మేస్త్రి వంతు వచ్చినప్పుడు నల్లబల్ల ముందు నిలబడ్డాడు గానీ, ముప్ఫై జతల కళ్ళు తన మీదికి తిరిగేసరికి నాలుక మడత పడిపోయింది. "బెంచీలు ఏమైనా విరిగితే చెప్పండి బాబూ" అని బయటికొచ్చేశాడు. ఆ రోజు నుంచి బెంచీలు, కిటికీలు, గొళ్ళాలు అతని పాలబడ్డాయి.

ఒక సమావేశంలో మేడమ్ లేచింది. పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవడానికి చోటు లేదంది. గదుల్లో నీళ్ళు పోస్తే నేల పాడవుతోంది, నీడలు కొలుద్దామంటే ఎండ రాదు, అంది. "మన బడికి మనమే చెయ్యి వెయ్యాలి. ఇంకెవరు వేస్తారు?" అంది. పెద్దమనుషులందరికీ ఉన్నట్టుండి తమ చెప్పుల మీద ఆసక్తి పుట్టింది. మేస్త్రి లేచాడు.

"నా షెడ్డు పక్కన ఖాళీ జాగా ఉందండి. తీసేసుకోండి."

చప్పట్లు మోగాయి. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ఇంటికెళ్ళేసరికి ఆ కబురు అతనికంటే ముందే చేరింది.

"సీటు కోసం ఇచ్చావా, చప్పట్ల కోసం ఇచ్చావా?" అంది భార్య.

"మన పిల్ల కోసం ఇచ్చానే."

"పిల్లనడిగావా? నన్నడిగావా? పెద్ద గేట్లు పరిచేది అక్కడే కదా, ఇక నా నెత్తి మీద పెట్టి చేస్తావా?"

బావమరిది ఆ షెడ్డులోనే పని చేస్తాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నవ్వాడు. "బావా, ఆవిడ 'మన' అంటే నువ్వు తెగ మురిసిపోతున్నావు గానీ, బ్యాంకు వాళ్ళు కూడా మన బ్యాంకనే అంటారు. వెళ్ళి లోపలి బీరువా తెరవమను చూద్దాం."

"నోర్ముయ్యరా. నీకేం తెలుసు చదువు విలువ."

"నువ్వు చదివినంత నేనూ చదివాగా. నీకంటే ఒక క్లాసు ఎక్కువే."

సంతకాలు కూడా అయిపోయాయి. మేస్త్రిని ఎవరూ మోసం చెయ్యలేదు. అంతా చదివి వినిపించారు, అంతా విన్నాడు, తెలిసే ఇచ్చాడు. అదే అతని ఖర్మ. ఎవరైనా మోసం చేసి ఉంటే తిట్టుకోవడానికి ఒక దారి ఉండేది.

ఆ జాగాలో స్తంభాలు పాతి, పైన రేకులు వేసి, చుట్టూ జాలీ బిగించింది కూడా అతనే. తన ఇనుము, తన రాడ్లు, తన రెక్కలు. అది పూర్తయ్యాక జాలీలోంచి తొంగి చూడటం అలవాటైంది. ఒక పిల్లాడు కుళాయి కింద పడే బొట్లు లెక్కపెడుతూ పూటంతా కూర్చున్నాడు. అదే పని ఇంట్లో చేస్తే వీపు చిట్లగొడతాం. అక్కడ టీచరు పక్కన కూర్చుని తనూ లెక్కపెట్టింది. ఇంకోసారి పిల్లలు రెండు జట్లుగా విడిపోయి, నీడకు బరువుంటుందా ఉండదా అని కొట్టుకున్నంత పని చేశారు. గుండుసూది ఆ గుంపు మధ్యలో నిలబడి చేతులు తిప్పుతూ ఏదో వాదిస్తోంది. ఇంట్లో అంత గట్టిగా అది ఎన్నడూ మాట్లాడలేదు. మేస్త్రికి కడుపు నిండిపోయింది. పెద్ద గేట్ల పనులు రెండు చేజారాయి. పోతే పోయాయి అనుకున్నాడు.

ఏడాది చివరి పరీక్ష దగ్గరపడింది. పిల్లలంతా సన్న పుల్లలు, దారం, జిగురుతో తలా ఒక వంతెన కట్టాలి. దాని మీద ఒక్కో పుస్తకం పేర్చుకుంటూ పోతారు. ఎన్నో పుస్తకానికి, ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో పిల్లలు ముందే చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు జరిగితే అదే గెలుపు. విరగకుండా నిలబెట్టడం కాదు, విరగడాన్ని ముందే కనిపెట్టడం అక్కడి చదువు. ఈ సంగతి గుండుసూది భోజనాల దగ్గర వివరంగా చెప్పింది కూడా. మేస్త్రి తల ఊపాడు. ఊపిందంతా విన్నట్టు కాదు కదా. చేజారిన గేట్ల గురించి ఆలోచిస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బెంచీలకు రంగు వెయ్యడానికి రేకుల షెడ్డులోకి వెళ్ళాడు. వంతెనలన్నీ వరసగా బల్ల మీద ఉన్నాయి, పిల్లలు లేరు. కూతురి వంతెన వెతికి పట్టుకోవడం కష్టమేమీ కాలేదు. అన్నిటిలోకీ శుభ్రమైనది అదే. ముచ్చటపడి వేలితో మెల్లగా నొక్కి చూశాడు. ఎడమ కాలి దగ్గర ఒక ముడి కదిలింది.

వదులుగా ఉన్న అతుకు చూస్తే మేస్త్రి చెయ్యి ఊరుకోదు. ఎవరింటికైనా పలకరింపుకు వెళ్ళి వాళ్ళ తలుపు గొళ్ళెం బిగించి వచ్చే రకం. 'పిచ్చిది, తొందరలో కట్టినట్టుంది' అనుకున్నాడు. జేబులో ఎప్పుడూ ఉండే సన్న తీగ తీశాడు. దారం కింద కనిపించకుండా రెండు చుట్లు కుడికి, ఒక చుట్టు వెనక్కి తిప్పి, కొస లోపలికి మడిచేశాడు. ఇప్పుడు కదల్లేదు. రంగు డబ్బా పట్టుకుని ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

పరీక్ష రోజు పెద్దలంతా ముందు వరసలో, తల్లిదండ్రులు వెనకాల కూర్చున్నారు. గుండుసూది వంతు వచ్చింది. పిల్ల బల్ల కంటే కాస్త ఎత్తుంది, అంతే.

"ఏడో పుస్తకానికి ఎడమ కాలి ముడి ఊడుతుంది" అంది. "అక్కడ ఊడాలనే వదులుగా కట్టాను. బరువెక్కువైతే ముందు అది ఊడిపోతుంది, మిగతా వంతెన బతికిపోతుంది. మళ్ళీ ముడేసుకుంటే చాలు."

ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు. వెనక కూర్చున్న మేస్త్రికి దూరం నుంచి సగం మాటలే అందాయి. ఏడో పుస్తకం పెట్టారు. ఊడలేదు. ఆ మొత్తం గదిలో మేస్త్రి ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

ఎనిమిదోది పెట్టారు. తొమ్మిదోది పెట్టగానే వంతెన నడుం దగ్గర పెళ్ళున విరిగి, పుస్తకాలతో సహా కుప్పకూలింది.

లెక్కల మాస్టారు ఆ ముక్కలు ఏరి, ఎడమ కాలి దారం విప్పి చూశాడు. "ఇదేంటమ్మా, తీగ? పుల్లలు, దారం, జిగురు తప్ప ఇంకేం వాడకూడదన్నాం కదా."

గుండుసూది ఆ తీగ చేతిలోకి తీసుకుంది. రెండు చుట్లు కుడికి, ఒకటి వెనక్కి, కొస లోపలికి. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఇంట్లో బకెట్టు పిడికి, కుర్చీ కాలికి, తన బొమ్మ మెడకు అదే మెలిక చూసింది. తలెత్తి వెనక వరసల వైపు ఒక్కసారి చూసింది. మళ్ళీ తల దించుకుంది.

"నేనే కట్టాను సార్."

మేస్త్రి లేచి నిలబడాలి. లేవలేదు. ఏం జరిగిందో అతని బుర్రకెక్కేసరికి తర్వాతి పిల్లాణ్ణి పిలిచేశారు.

అందరూ వెళ్ళాక మేడమ్ గదిలోకి వెళ్ళాడు. "మేడమ్ గారూ, ఆ తీగ కట్టింది నేనండి. పిల్లకు ఏ పాపం తెలీదు."

"కూర్చోండి మేస్త్రి గారూ."

"మీరే అన్నారు కదండీ, మన పిల్లలకు మనమే చెయ్యి వెయ్యాలని."

"బడికి వెయ్యమన్నానండీ. వంతెన మీద కాదు." ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. అదే మెత్తని గొంతు. "మీరు కట్టారంటే పిల్ల అందరి ముందూ అబద్ధమాడినట్టు. పిల్లే కట్టిందంటే మోసం చేసినట్టు. రెండిట్లో పెద్దలకు ఏది చెప్పమంటారు?"

"నా కోసం ఆడిందండీ ఆ అబద్ధం" అన్నాడు మేస్త్రి.

"తెలుసండీ. నాకూ బాధగానే ఉంది. కానీ ఒకరికి సడలిస్తే రేపు ఇంకొకరు వస్తారు. మా బడికి కొన్ని పద్ధతులున్నాయి."

"ఇప్పుడేమన్నారమ్మా?"

"పద్ధతులున్నాయి అన్నానండీ."

"దానికి ముందు."

ఆవిడకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్నది మేస్త్రికి ఇంకా మంట. కావాలని అంటే పడి ఉండేవాడు. అతను గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి, "స్థలం విషయంలో మీరు చేసిన సాయం మా బడి ఎప్పటికీ మరిచిపోదండీ" అంది. మళ్ళీ మా.

ఇంట్లో భార్య తిట్టలేదు. తిడితే బాగుండేది. బావమరిది కూడా జోకు వెయ్యలేదు. గుండుసూది గోడ వైపు తిరిగి పడుకుంది. మేస్త్రి మంచం అంచున కూర్చున్నాడు.

"ఎందుకే నీ మీద వేసుకున్నావు?"

"నిన్ను అందరి ముందూ నిలబెడతారేమో అనుకున్నా."

"నిలబెడితే నిలబెట్టనీ. నాకేమవుతుంది?"

"నీకు అక్కడ మాట రాదు కదా నాన్నా" అంది, గోడతోనే.

ఇప్పుడు గుండుసూది అంతకు ముందు చదివిన బడికే వెళ్తోంది. అక్కడ బొట్లు లెక్కపెట్టేవాళ్ళు లేరు. వెనక బెంచీలో కూర్చుంటుందట, అడిగినదానికి తప్ప నోరు విప్పదట. మంచి పిల్ల, అల్లరి లేదు అని అక్కడి టీచరు మెచ్చుకుంది. షెడ్డుకు పెద్ద గేట్ల పని రావడం మానేసింది. పరిచి చెయ్యడానికి చోటేదీ? కిటికీ గ్రిల్లులు, మెట్ల కమ్మీలు, వాటితోనే రోజు గడుస్తోంది. బావమరిది వీధి చివర పెద్ద షెడ్డులో కుదిరాడు. జాలీ అవతల ప్రతి పూటా పిల్లల గోల. మేస్త్రి గ్రైండింగ్ మిషన్ పెడితే, చదువుకు అడ్డమొస్తోందని ఎవరో ఒకరు వచ్చి చెప్పి పోతారు.

నిన్న ఒక తాపీ మేస్త్రి టేపు పట్టుకుని వచ్చాడు. రెండు స్థలాలకూ మధ్య గోడ కడుతున్నారట, బడి వైపు నేలకు గచ్చు కూడా చేస్తారట. సాయానికి మనిషి లేడు, కొస పట్టుకోమన్నాడు. వెల్డింగ్ మేస్త్రి కొస పట్టుకున్నాడు. తను ఇచ్చిన జాగాలో ఆ అంచు నుంచి ఈ అంచుకు లాగారు, పొడవు కూడా లాగారు.

"మొత్తం ఎంతన్నా?" అన్నాడు తాపీ మేస్త్రి.

గుండుసూది యాంగిల్ ముక్కల మీద కూర్చుని ఉంది. కాళ్ళాడించడం లేదు.

"ఒసే గుండుసూదీ, వెడల్పు పద్దెనిమిది, పొడవు నలభై. ఎంతవుతుందే?"

"నాకు రాదు నాన్నా" అంది, తల ఎత్తకుండానే. "నువ్వే చేసుకో."

వెల్డింగ్ మేస్త్రి సుద్దముక్క తీసుకుని ఒక రేకు ముక్క మీద రాసుకున్నాడు. రెండుసార్లు తప్పాడు, రెండుసార్లు చేత్తో తుడిచాడు. మూడోసారికి తేలింది. ఏడువందల ఇరవై చదరపు అడుగులు. అంటే ఎనభై గజాలు.